రికార్డైన ఆటలు చూసి ఓపెనింగ్ నేర్చుకోవడం: నల్గొండ, పాలమూరు చెస్ ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు చెస్ ఆడే పిల్లలు, వాళ్లను టోర్నమెంట్లకు తిప్పే తల్లిదండ్రులు, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఆడే పెద్దవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. పావుల కదలికలు తెలిసి, ఎత్తులు రాసుకోవడం వచ్చినవాళ్ల కోసం రాశాను. గళ్లకు అడ్డంగా ఏ నుంచి హెచ్ వరకు, నిలువుగా 1 నుంచి 8 వరకు పేర్లు. ఉత్త 'ఈ4' అంటే బంటు ఆ గడికి వెళ్లిందని, 'గుర్రం ఎఫ్3' అంటే గుర్రం ఎఫ్3లోకి వచ్చిందని అర్థం.

ఓపెనింగ్ అంటే మొదటి పది, పన్నెండు ఎత్తులు గుర్తుంటే చాలు కదా? ఆట మొత్తం ఎందుకు చూడాలి?

పన్నెండు ఎత్తులు గుర్తుపెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. మన పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేస్తారు. చిక్కంతా పదమూడో ఎత్తు దగ్గర వస్తుంది. నేర్చుకున్న లైన్ (ఎత్తుల వరుస) అయిపోయింది, బోర్డు మీద పావులన్నీ చక్కగా ఉన్నాయి, ఇప్పుడు దేన్ని కదపాలో తెలియదు. అక్కడ టెన్షన్ మొదలై, ఊరికే ఓ బంటును తోస్తారు.

ఇటాలియన్ ఓపెనింగ్ తీసుకోండి. ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సీ6, బిషప్ సీ4 బిషప్ సీ5. తర్వాత తెలుపు సీ3, డీ3 వేసి క్యాస్లింగ్ చేసుకుంటుంది. ఇంతవరకు అందరికీ వచ్చు. మంచి ఆటగాళ్ల ఆటలు వరుసగా నాలుగైదు చివరిదాకా చూస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. తెలుపు ఏనుగు ఎఫ్1 నుంచి ఈ1కి జరుగుతుంది. అలా ఖాళీ అయిన ఎఫ్1 మీదుగా బీ1 గుర్రం డీ2, ఎఫ్1 దాటి జీ3కి చేరుతుంది. ఆ గుర్రానికి ఎఫ్5 గడి మీద కన్నుంటుంది. అంతా సర్దుకున్నాక సమయం చూసి డీ4 పడుతుంది. ఈ ప్రయాణం ఏ లిస్టులోనూ అర్థం కాదు, పూర్తి ఆటలోనే కనిపిస్తుంది. ఏనుగు ఈ1కి ఎందుకు వెళ్లిందో తెలిసిన పిల్లవాడు ప్రత్యర్థి వేరే ఎత్తు వేసినా బెదరడు.

నా గట్టి నమ్మకం ఇదే: ఓపెనింగ్ బాగుపడాలంటే ఆ ఓపెనింగ్‌లో పుట్టిన ఆటలను చివరిదాకా చూడాలి. మిగతా జవాబులన్నీ దీనికి సంబంధించినవే.

నేను కొత్తగా మొదలుపెట్టాను. మొట్టమొదట ఏ ఆట చూడమంటారు?

1858లో పారిస్‌లోని ఒపెరా హాల్‌లో పాల్ మార్ఫీ ఆడిన ఆట. అవతల బ్రన్స్‌విక్ డ్యూక్, ఇసువార్ కౌంట్ అనే ఇద్దరు కలిసి నల్ల పావులతో ఆడారు. మొత్తం 17 ఎత్తులే. కొత్తవాళ్లకు దీన్ని మించిన పాఠం లేదని చెప్తాను.

ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 డీ6, డీ4, అప్పుడు నల్ల బిషప్ జీ4కి వచ్చింది. తెలుపు బంటు ఈ5లో కొట్టగానే నలుపు తన బిషప్‌ను ఎఫ్3 గుర్రానికి మార్చుకోక తప్పలేదు. దాంతో తెల్ల మంత్రి ఎఫ్3లోకి ఉచితంగా బయటికొచ్చింది. కాసేపటికి బీ3 చేరింది. ఎనిమిదో ఎత్తు దగ్గర ఆగండి. బీ7 బంటును మంత్రితో తినేయొచ్చు. తింటే నలుపు బీ4లో మంత్రితో చెక్ చెప్పి మంత్రులను మార్పిడి చేసుకుంటుంది. బంటు లాభమే, కానీ దాడి చల్లారిపోతుంది. మార్ఫీ తినలేదు. గుర్రాన్ని సీ3కి తెచ్చాడు. ఇంకో రెండు ఎత్తుల తర్వాత అదే గుర్రాన్ని బీ5లో బలిచ్చి, డీ గళ్ల వరుసలోకి ఏనుగులను దించి, పదహారో ఎత్తులో మంత్రినే బీ8లో ఇచ్చేసి, ఏనుగుతో డీ8లో మేట్ చేశాడు. జీ5 బిషప్ ఆ ఏనుగుకు కాపలా.

ఆఖరి పొజిషన్‌లో నల్ల పావులను చూడండి. ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు ఆట మొత్తంలో ఒక్కసారి కూడా కదలలేదు. పావులు త్వరగా బయటికి తీయమని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట ఈ ఒక్క ఆటతో ఎక్కుతుంది.

ఆటలు ఎక్కడ దొరుకుతాయి? డబ్బు కట్టాలా?

అక్కర్లేదు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. అందులో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరిస్తే రెండు రకాల ఆటలు ఉంటాయి. ఒకటి మాస్టర్స్ విభాగం: 2200 పైన ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ ఉన్నవాళ్లు 1952 నుంచి బోర్డు మీద ఆడిన ఆటలు. రెండోది ఆ సైట్‌లో మామూలు ఆటగాళ్లు ఆడినవి. ఇందులో రేటింగ్ ఎంచుకుని వడపోయవచ్చు. ఇంకో ట్యాబ్‌లో మీ యూజర్ పేరు ఇస్తే మీరు ఆడిన ఆటలే వరుసగా వస్తాయి.

కంప్యూటర్ ఉన్నవాళ్లు 'ది వీక్ ఇన్ చెస్' నుంచి వారం వారం కొత్త ఆటల ఫైలు దింపుకోవచ్చు. మార్క్ క్రౌథర్ 1994 నుంచి నడుపుతున్న సేవ అది. ఆ ఫైళ్లు తెరవడానికి స్కిడ్ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. చెస్‌బేస్ చాలా మంచి సాఫ్ట్‌వేర్, కానీ ఖరీదు. 1800 రేటింగ్ దాటేవరకు దాని అవసరం రాదని నా అభిప్రాయం. ఆ డబ్బుతో పిల్లవాడిని రెండు టోర్నమెంట్లు ఎక్కువ ఆడించండి.

పీజీఎన్, ఈసీఓ అంటే ఏమిటి?

పీజీఎన్ అంటే ఆటను కంప్యూటర్ చదవగలిగేలా రాసే పద్ధతి. 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ రూపొందించాడు. పైన ఆటగాళ్ల పేర్లు, తేదీ, ఫలితం, కింద ఎత్తులు. మామూలు అక్షరాలే కాబట్టి వాట్సాప్‌లో కూడా పంపుకోవచ్చు.

ఈసీఓ అనేది ఓపెనింగ్‌లకు ఇచ్చిన కోడ్. ఏ00 నుంచి ఈ99 వరకు మొత్తం 500. ఫ్రెంచ్ డిఫెన్స్ (ఈ4కు జవాబు ఈ6) సీ00 నుంచి సీ19 వరకు, సిసిలియన్ (ఈ4కు జవాబు సీ5) బీ20 నుంచి బీ99 వరకు. వెతకడానికి పనికొస్తుంది, గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఎవరి ఆటలు చూడాలి? మన తెలుగువాళ్లవి చూస్తే లాభమా?

మీరు ఆడే ఓపెనింగ్‌ను ఏళ్ల తరబడి ఆడినవాళ్లవి చూడాలి. ఇదొక్కటే కొలత. పెద్ద పేరున్న ఆటగాడైనా ఆ ఓపెనింగ్‌ను రెండుసార్లు సరదాకు ఆడి ఉంటే మీకు పెద్దగా ఉపయోగం లేదు.

మనవాళ్లవి తప్పకుండా చూడండి. గుంటూరుకు చెందిన పెంటల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో ప్రపంచ జూనియర్ ఛాంపియన్. ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడాలనుకునేవాళ్లకు అతని ఆటలు మంచి బడి. కోనేరు హంపి తెల్ల పావులతో ఎక్కువగా డీ4తో మొదలుపెడుతుంది. తొందరపడకుండా చిన్న లాభాన్ని ఎండ్‌గేమ్ దాకా మోసుకెళ్లడం ఆమె దగ్గర చూడాలి. 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ముగిసే ఆట) ఛాంపియన్ అయింది. ద్రోణవల్లి హారిక ఆటలు కూడా ఇలాగే స్థిమితంగా ఉంటాయి.

మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సంగతి వేరు. 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2024 చివర్లో 2800 రేటింగ్ దాటాడు. ప్రత్యర్థికి అంతుపట్టకుండా ఓపెనింగ్‌లు మారుస్తూ ఉంటాడు. ఆ ఆటలు చూస్తే ఉత్సాహం వస్తుంది, కానీ 1400 రేటింగ్ ఉన్న పిల్లలు అతనిలా వారానికో ఓపెనింగ్ మార్చడం మొదలుపెడితే ఏదీ నిలవదు. అర్జున్ దగ్గర నేర్చుకోవాల్సింది గెలవాలన్న పట్టుదల. ఓపెనింగ్ మాత్రం ఒకేదాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్ల దగ్గర నేర్చుకోండి.

2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్ 7.5–6.5తో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఓపెనింగ్ ప్రిపరేషన్‌లో సాయపడిన అతని బృందంలో మన హరికృష్ణ కూడా ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో మొదటి ఆట, పదమూడో ఆట రెండూ ఫ్రెంచ్ డిఫెన్సే. మొదటిదాంట్లో తెల్ల పావులతో గుకేశ్ ఓడిపోయాడు. అయినా పదమూడో ఆటలో మళ్లీ ఈ4 వేశాడు, డింగ్ మళ్లీ ఫ్రెంచ్‌లోకే వెళ్లాడు, అది డ్రా అయింది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడ దారి మారిందో మీరే వెతకండి. ఒక సాయంత్రానికి సరిపడా పని.

ఒక ఆటను ఎలా చూడాలి? నేను పది నిమిషాల్లో నాలుగు ఆటలు చూసేస్తున్నాను.

అది చూడటం కాదు, వేలితో స్క్రీన్ జరపడం. ఒక ఆటకు కనీసం గంట పెట్టండి. నేను పిల్లలతో చేయించే పద్ధతి చెప్తాను.

నిజమైన బోర్డు ముందు కూర్చోవాలి. గెలిచినవాళ్ల వైపు మీరు కూర్చోండి. మొదటిసారి ఆపకుండా ఐదు నిమిషాల్లో ఆటంతా ఒకసారి వేసుకుపోండి, కథ తెలియడానికి. తర్వాత మళ్లీ మొదటికి వచ్చి, ఆరో ఎత్తు నుంచి తర్వాతి ఎత్తులున్న కాగితాన్ని ఇంకో కాగితంతో కప్పేయండి. ప్రతి ఎత్తుకూ 'నేనైతే ఏం వేస్తాను' అనుకుని నోట్‌బుక్‌లో రాయండి. రాశాకే కాగితం జరపండి. మీ ఎత్తు, వాళ్ల ఎత్తు ఒకటే అయితే ముందుకెళ్లండి. వేరైతే అక్కడ ఆగాలి. అసలు నేర్చుకునేది ఆ ఆగిన చోటే. వాళ్ల ఎత్తు ఏ గడి కోసం, ఏ పావు కోసం, ప్రత్యర్థిది ఏది ఆపడం కోసం? తోచిన కారణం సొంత మాటల్లో ఒక వాక్యం రాయండి. తప్పైనా పర్వాలేదు, తర్వాత దిద్దుకోవచ్చు.

అంతా అయ్యాక మూడు విషయాలు రాసుకోవాలి. ఓపెనింగ్ ఎక్కడ ముగిసింది, అంటే రెండువైపులా పావులు బయటికొచ్చి రాజులు భద్రమైన చోటికి చేరింది ఎప్పుడు? ఆ క్షణంలో బంటులు ఎక్కడెక్కడ ఉన్నాయి? గెలిచినవాళ్లు ఏ పావును బాగా వాడుకున్నారు, ఏ పావును మార్చుకుని వదిలించుకున్నారు?

వారానికి ఇలాంటి ఆటలు రెండు చాలు. స్కూలు, ట్యూషన్ ఉన్న పిల్లలకు అంతకుమించి పెట్టకండి. పదో తరగతి, ఇంటర్ పిల్లలకైతే ఒక్కటి చాలు, ఆదివారం పొద్దున.

మా దగ్గర స్కూల్ గేమ్స్‌లో, చిన్న టోర్నమెంట్లలో ఎవరూ పుస్తకంలో ఉన్న ఎత్తులు వేయరు. గ్రాండ్‌మాస్టర్ల ఆటలు చూసి ఏం లాభం?

నిజమే. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో రెండో ఎత్తుకే మంత్రిని హెచ్5కి తెచ్చి, నాలుగు ఎత్తుల్లో మేట్ చేయాలని చూసేవాళ్లు అండర్ 14లో ఇప్పటికీ ఉన్నారు. మాస్టర్స్ డేటాబేస్‌లో ఆ ఎత్తు దాదాపు కనిపించదు. దీనికి లిచెస్‌లో మామూలు ఆటగాళ్ల విభాగం తెరవండి. మీ రేటింగ్ దగ్గరివాళ్లు ఎక్కువగా ఏ ఎత్తులు వేస్తున్నారో తెలుస్తుంది. ఆ మంత్రి ఎత్తుకు జవాబు తేలికే: గుర్రం సీ6, అవతలివాళ్లు బిషప్ సీ4 వేస్తే జీ6, మంత్రి ఎఫ్3కి వెనక్కి వెళ్తే గుర్రం ఎఫ్6. మీ రెండు గుర్రాలు బయటికొచ్చాయి, వాళ్ల మంత్రి ఇంకో చోటు వెతుక్కోవాలి.

ఇక గ్రాండ్‌మాస్టర్ల ఆటలెందుకంటే, ప్రత్యర్థి పుస్తకం వదిలిన క్షణం నుంచి మీరు సొంతంగా ఆలోచించాలి. ఆ ఆలోచనకు దారి ఆ ఆటల్లోనే దొరుకుతుంది. మార్ఫీ ఎదుట కూర్చున్న ఇద్దరూ పుస్తకం ప్రకారం ఆడలేదు కదా. సరిగ్గా ఆడనివాళ్లను ఎలా శిక్షించాలో పాత ఆటల్లో బాగా తెలుస్తుంది. అందుకే మొదటి ఏడాది పిల్లలకు 19వ శతాబ్దపు ఆటలు, ఆ తర్వాత కొత్తవి చూపిస్తాను. నేటి గ్రాండ్‌మాస్టర్ల మధ్య ఆటల్లో తప్పులు చాలా సన్నగా ఉంటాయి, చిన్నపిల్లల కంటికి ఆనవు.

నా సొంత ఆటలు కూడా చూడాలా?

అన్నింటికంటే ముందు అవే చూడాలి. మీ చివరి ఇరవై ఆటలు ఒక ఫైల్లో పెట్టండి. ప్రతిదాంట్లో మీకు తెలిసిన ఓపెనింగ్ ఎన్నో ఎత్తు దగ్గర అయిపోయిందో చూడండి. చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం తెలుస్తుంది: ఒకే రెండు మూడు చోట్ల మళ్లీమళ్లీ తడబడుతుంటారు. చూడాల్సిన మాస్టర్ ఆటలు ఏవో ఆ చోట్లే చెప్తాయి.

ఉదాహరణకు నల్ల పావులతో ఈ4 ఈ5, గుర్రం ఎఫ్3 గుర్రం సీ6, బిషప్ సీ4 గుర్రం ఎఫ్6 ఆడే పిల్లలు తెల్ల గుర్రం జీ5కి రాగానే కంగారు పడతారు. డీ5 వేయాలని తెలుసు, తెల్ల బంటు డీ5లో కొట్టాక వెంటనే గుర్రంతో తిరిగి కొట్టేస్తారు. అప్పుడు తెల్ల గుర్రం ఎఫ్7లో దూకుతుంది, రాజు దాన్ని తినక తప్పదు, మంత్రి ఎఫ్3 నుంచి చెక్, డీ5 గుర్రాన్ని కాపాడుకోవడానికి నల్ల రాజు ఈ6కి, బోర్డు మధ్యకు రావాల్సి వస్తుంది. మీ స్కోర్‌షీట్లలో ఇది రెండుసార్లు కనిపించిందంటే ఈ వారం పాఠం మీకు దొరికినట్టే. తిరిగి కొట్టకుండా సీ6 గుర్రాన్ని ఏ5కి పంపే లైన్‌లో పూర్తి ఆటలు నాలుగు వెతికి చూడండి. నలుపు ఒక బంటు ఇచ్చి బదులుగా పావులను ఎంత చురుగ్గా నడిపిస్తుందో ఆ ఆటల్లో తెలుస్తుంది.

స్కోర్‌షీట్ సరిగా రాయడం లేదు మా బాబు. సగం ఆట తర్వాత వదిలేస్తాడు.

క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటల్లో రాయడం నియమం. ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటల్లో చివరిదాకా రాయాల్సిందే. ఆ అదనపు సమయం లేని ఆటల్లో గడియారంలో ఐదు నిమిషాల కంటే తక్కువ ఉన్నప్పుడే రాయకపోయినా ఒప్పుకుంటారు. ఎత్తు వేశాకే రాయాలి, ముందే రాసుకుని తర్వాత వేయకూడదు. ఒరిజినల్ షీట్ నిర్వాహకులకు చెందుతుంది, కార్బన్ కాపీ మీరు తెచ్చుకోండి. కాపీ లేకపోతే ఇచ్చేముందు ఫోటో తీయడం తల్లిదండ్రుల పని.

బాబుకు ఇంకో అలవాటు నేర్పండి. ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకున్న ఎత్తు పక్కన గడియారంలో ఎంత మిగిలిందో రాసుకోవాలి. ఓపెనింగ్‌లో ఐదో ఎత్తుకే పదిహేను నిమిషాలు పోయాయంటే అక్కడ తెలియనిదేదో ఉందని ఇంటికొచ్చాక పట్టుకోవచ్చు.

ర్యాపిడ్‌లో రాయనక్కర్లేదు. ఆట అయిన అరగంటలో మొదటి పది ఎత్తులు గుర్తు తెచ్చుకుని రాసుకోండి, మిగతాది పోయినా ఫర్వాలేదు.

ఎక్స్‌ప్లోరర్‌లో ఏ ఎత్తుకు గెలుపు శాతం ఎక్కువుంటే అది వేస్తే సరిపోతుందా?

సరిపోదు. ముందు ఎన్ని ఆటలో చూడండి. ఏడు ఆటల్లో ఐదు గెలిచిన ఎత్తు ఏమీ చెప్పదు. తర్వాత ఎవరు ఎవరితో ఆడారో చూడండి. బలమైనవాళ్లు బలహీనులతో ఒక ఎత్తు తరచుగా ఆడితే దాని శాతం దానంతటదే పెరుగుతుంది. తేదీలు కూడా చూడాలి. డెబ్బైలలో బాగా గెలిచి, ఆ తర్వాత జవాబు దొరికి మూలపడ్డ లైన్లు చాలా ఉన్నాయి. గత పదేళ్లలో బలమైనవాళ్లు దాన్ని ఆడటం మానేశారంటే కారణం ఉంటుంది.

ఇంకోటి, ఒకే పొజిషన్‌కు వేర్వేరు దారుల్లో చేరుకోవచ్చు. ఎత్తుల వరుస మారినందుకే కొత్త ఓపెనింగ్ అనుకుని భయపడకండి.

ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) ఎప్పుడు వాడాలి?

చివర్లో. మీ నోట్‌బుక్‌లో కారణాలన్నీ రాశాక. ముందే ఇంజిన్ ఆన్ చేస్తే మెదడు పని మానేస్తుంది, బాణం గుర్తు వైపే చూస్తూ కూర్చుంటారు. ఓపెనింగ్‌లో ఒక ఎత్తుకు 0.3, ఇంకో ఎత్తుకు 0.1 అని చూపిస్తే మన స్థాయిలో ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు. మీకు అర్థమైన ఎత్తునే వేయండి. పావు ఊరికే పోతుందా, మేట్ ఉందా అని సరిచూసుకోవడానికి మాత్రం ఇంజిన్‌ను మించింది లేదు.

'బంటుల అమరిక చూడు' అంటారు కోచ్‌లు. దాన్ని ఆటల్లో ఎలా చూడాలి?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. ఒక్క ఉదాహరణతో వివరంగా చెప్తాను.

క్వీన్స్ గ్యాంబిట్‌లో డీ4 డీ5, సీ4 ఈ6, గుర్రం సీ3 గుర్రం ఎఫ్6. ఇక్కడ తెలుపు సీ బంటుతో డీ5లో కొడుతుంది, నలుపు 'ఈ' వరుస బంటుతో తిరిగి కొడుతుంది. ఇప్పుడు పావులన్నీ తీసేసి బంటులను మాత్రమే బోర్డు మీద ఉంచండి. తెలుపుకు సీ బంటు లేదు, కాబట్టి సీ వరుసలో దాని ఏనుగుకు దారి తెరుచుకుంది. నలుపుకు 'ఈ' వరుస బంటు లేదు, దాని ఏనుగుకు ఆ వరుస ఉంది. మంత్రి వైపు తెలుపుకు ఏ, బీ రెండు బంటులు, నలుపుకు ఏ, బీ, సీ మూడు. 1923లో కార్ల్స్‌బాద్‌లో జరిగిన టోర్నమెంట్ పేరుతో దీన్ని కార్ల్స్‌బాద్ అమరిక అంటారు.

తెలుపు తక్కువ బంటులతో ఎక్కువ బంటుల మీదికి వెళ్తుంది. బీ4, తర్వాత బీ5, ఆ తర్వాత సీ6లో మార్పిడి. వినడానికి వింతగా ఉంటుంది. కానీ మార్పిడి అయ్యాక నలుపుకు సీ6లో వెనకబడ్డ బలహీనమైన బంటు మిగులుతుంది, తెల్ల ఏనుగులు సీ వరుస నుంచి దాన్ని వేటాడతాయి. ఈలోగా నలుపు ఊరుకోదు. గుర్రాన్ని ఈ4లో నిలబెట్టి రాజు వైపు దాడికి దిగుతుంది. ఎవరు ముందు చేరితే వాళ్లది ఆట.

తెలుపుకు ఇంకో దారి కూడా ఉంది. 1952 సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో కెరెస్ మీద బోత్వినిక్ మంత్రి వైపు వెళ్లలేదు. గుర్రాన్ని ఎఫ్3 బదులు ఈ2లో పెట్టి, ఎఫ్3 బంటును తోసి, మధ్యలో ఈ4తో ముందుకు నడిచాడు, గెలిచాడు. గుర్రం ఈ2లో ఎందుకుందో ఆ ఆట చూసినవాళ్లకు ఇక మరిచిపోయే పని లేదు.

ఇప్పుడు కారో కాన్‌లో ఈ4 సీ6, డీ4 డీ5, తెలుపు డీ5లో కొడితే నలుపు సీ బంటుతో తిరిగి కొట్టే లైన్ తీయండి. మళ్లీ బంటులు మాత్రమే ఉంచి చూడండి. అదే అమరిక, రంగులు తారుమారయ్యాయి. బీ5, బీ4 అంటూ వెళ్లే పని ఇప్పుడు నలుపుది. పేరులో సంబంధం లేని రెండు ఓపెనింగ్‌లు, ఆట మాత్రం ఒకటే. ఇది ఒకసారి చూసిన పిల్లలు కొత్త ఓపెనింగ్ ఎదురైనా 'ఈ బంటులు నాకు తెలుసు' అంటారు. కారో కాన్ ఆడేవాళ్లు క్వీన్స్ గ్యాంబిట్ ఆటలు ఎందుకు చూడాలో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

మా పాప గురుకులంలో చదువుతుంది. ఫోన్ ఉండదు. ఎలా?

ఫోన్ లేకపోవడం ఈ పనికి అడ్డు కాదు. ఇంటికొచ్చినప్పుడు పది ఆటలు ఎంచి ప్రింట్ తీయించి ఇవ్వండి, పేజీకి ఒకటి, పక్కన రాసుకోవడానికి చోటుండేలా. జిరాక్స్ షాపులో అయ్యే ఖర్చు అంతే. చుట్టేసుకునే బోర్డు ఒకటి, చిన్న పావుల సెట్ ఒకటి ట్రంకు పెట్టెలో పడతాయి. పైన చెప్పిన కాగితం కప్పే పద్ధతికి అసలు కావాల్సింది ఇవే. ఇద్దరు స్నేహితురాళ్లుంటే ఇంకా మంచిది, ఒకరు కాగితం పట్టుకుని అడుగుతారు, ఒకరు ఊహించి చెప్తారు. దసరా, సంక్రాంతి సెలవుల్లో నోట్‌బుక్ తెరిచి ఇంజిన్‌తో సరిచూసుకోవచ్చు.

ఎన్ని ఓపెనింగ్‌లు నేర్చుకోవాలి?

తెలుపుతో ఒకటి, ఈ4కు జవాబు ఒకటి, డీ4కు జవాబు ఒకటి. ఏడాదిపాటు మార్చకండి.

చాలామంది పిల్లలు తెలుపుతో లండన్ సిస్టమ్ ఆడుతున్నారు: డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, సీ3. తప్పేం లేదు, కానీ అవతల ఏం జరుగుతుందో చూడకుండా అవే ఎత్తులు వేయడం అలవాటవుతోంది. నలుపు సీ5 వేసి మంత్రిని బీ6కి తెచ్చి బీ2 బంటును పట్టుకుంటే ఏం చేయాలో చాలామందికి తెలియదు. లండన్ ఆడేవాళ్లు ముందు ఆ లైన్‌లోని ఆటలే చూడాలి.

యూట్యూబ్ వీడియోలు చాలవా?

ఉత్సాహానికి చాలు. వీడియోలో ఆలోచన ఇంకొకరిది, మీరు తలూపుతారు. చూస్తే తప్పక చూడండి, కానీ ప్రతి పెద్ద ఎత్తు ముందూ పాజ్ నొక్కి మీ జవాబు పైకి చెప్పండి. ట్రాప్‌ల వీడియోలు మాత్రం తగ్గించండి. ఎదుటివాడు తప్పు చేస్తేనే పనికొచ్చే లైన్ మీద నెలలు పోతున్నాయి.

మా తాత పాత పద్ధతిలో చదరంగం బాగా ఆడతారు. ఆయనతో ఆడితే ఓపెనింగ్ పాడవుతుందా?

పాడవదు, ఆడండి. మన పెద్దల పద్ధతిలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులో కూడా ఒకే గడి కదులుతుంది, కాబట్టి ఓపెనింగ్ నెమ్మదిగా సాగుతుంది. లెక్క వేయడం, ఎండ్‌గేమ్‌లో ఓపిక ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఆ భారతీయ పద్ధతిలోనే నేర్చుకున్నాడు. పంజాబ్ నుంచి ఇంగ్లండ్ వెళ్లి 1929, 1932, 1933లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, 1930–31 హేస్టింగ్స్‌లో కాపాబ్లాంకాను ఓడించాడు. అతనికి బలహీనమైనది ఓపెనింగే. ఓపెనింగ్‌లో వెనకబడి, తర్వాత ఆటలో నిలదొక్కుకున్న ఆటలు అతనివి చాలా ఉన్నాయి. తాతగారితో కలిసి రెండు చూడండి, ఆయనకూ నచ్చుతాయి.

నేర్చుకున్నది నెలకే మరిచిపోతున్నాను.

అందరూ మరిచిపోతారు. చూసిన ఆటను మర్నాడు నోట్‌బుక్ చూడకుండా బోర్డు మీద వేయండి, వారం తర్వాత ఇంకోసారి, నెల తర్వాత మరోసారి. ఆగిపోయిన చోట కారణం మళ్లీ చదవండి. లిచెస్‌లో స్టడీ (ఆటలు, నోట్స్ దాచుకునే చోటు) తయారుచేసుకుంటే ఒక్కో ఆటను ఒక్కో అధ్యాయంగా పెట్టుకోవచ్చు. మీరు రాసిన వాక్యాలు తెలుగులోనే ఎత్తుల పక్కన టైప్ చేయండి. పేర్లు, సంవత్సరాలు మరిచిపోయినా ఆ వాక్యాలు గుర్తుంటాయి.

హైదరాబాద్ టోర్నమెంట్‌కు వెళ్లేటప్పుడు బస్సులో ఏం చూడాలి?

కొత్తది ఏదీ వద్దు. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్ చేరేలోపు, లేదా పాలమూరు నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ దాటేలోపు మీకు బాగా తెలిసిన ఆటలు రెండు మూడు మనసులో వేసుకోండి. మిగతాసేపు నిద్రపోండి.

చెస్ రిజల్ట్స్ వెబ్‌సైట్‌లో పెయిరింగ్ (ఎవరితో ఎవరు ఆడాలో) రాగానే ప్రత్యర్థి ఆటలు వెతకడం ఇప్పుడు అలవాటైంది. ఆటలు దొరికితే ఈ4 వేస్తాడా, డీ4 వేస్తాడా అన్నంతవరకు చూసి వదిలేయండి. రాత్రికి రాత్రి కొత్త లైన్ నేర్చుకుని పొద్దున వేసిన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు.

ఓడిపోయాక ఆ ఆట చూడమంటే మా పాప ఏడుస్తుంది. బలవంతం చేయాలా?

వద్దు. అదే రోజు అసలు తీయకండి. స్కోర్‌షీట్ ఫైల్లో పెట్టేయండి, రెండు మూడు రోజులు పోనివ్వండి. కూర్చున్నప్పుడు కూడా ముందు అదే టోర్నమెంట్‌లో గెలిచిన ఆట తీయండి. ఓడిన ఆటలో మొదటి పదిహేను ఎత్తులు చూసి, అందులో బాగా వేసిన ఎత్తు ఏదో పాపనే చెప్పమనండి. చాలాసార్లు ఓపెనింగ్ బాగానే ఆడి ఉంటుంది, తర్వాతెక్కడో పావు పోయి ఉంటుంది. ఆ సంగతి తనంతట తను చూసుకుంటే ఆ ఓపెనింగ్ మీద కోపం పోతుంది, మార్చేస్తానని పట్టుబట్టదు. 'ఎందుకలా వేశావ్' అని అమ్మానాన్నలు అడగకండి. 'ఇక్కడ ఏం ఆలోచించావమ్మా' అని అడిగి, చెప్పేదంతా విని, అది స్కోర్‌షీట్ వెనక రాసిపెట్టండి.